మాటకు మంటపము: చేతి ఫోనులోని సమూహములకు తగిన అమరిక

మల్కాపురమున నివసించు మన కుటుంబములలో పెక్కుమంది నౌకానిర్మాణ కేంద్రమునందును, చమురుశుద్ధి కర్మాగారమునందును, రేవునందును, ఉక్కు కర్మాగారమునందును పనిచేసినవారు, లేక నేటికిని పనిచేయుచున్నవారు. ఒకరు ఉదయపు షిఫ్టునకు పోవువేళకు మరియొకరు రాత్రి షిఫ్టు ముగించి యిల్లు చేరుచుందురు. ఒకే వీధిలో నున్నను వారము దినములు ముఖములు చూచుకొనని యిండ్లు కలవు. అందుచేత కుశలప్రశ్న, పెండ్లిపిలుపు, శివరాత్రి జాగరణకు చందా, పిల్లల పరీక్షాఫలితము, ఒకరి యనారోగ్యము, ఒకరి లింగైక్యము, ఇవి యన్నియు నేడు చేతి ఫోనులోని గ్రూపు ద్వారమున తెలియవచ్చుచున్నవి. పూర్వము రావిచెట్టు క్రింది రచ్చబండ చేసిన పనిని ఇప్పుడు అరచేతిలోని యంత్రము చేయుచున్నది.

అయితే ఒక భేదము కలదు. రచ్చబండను కట్టినవారు ఊరివారే. అది యెంత యెత్తుండవలెనో, నీడ యే వైపు పడవలెనో, ముందు ఎవరు మాటలాడవలెనో, తగవు వచ్చినచో ఎవరు తీర్చవలెనో వారే నిశ్చయించుకొనిరి. ఫోనులోని రచ్చబండను కట్టినవి దూరదేశమునందలి సంస్థలు. అందు కూర్చుండువారము మనము. అమరికను నిశ్చయించువారు వారు. కావున అది కూర్చున్నవారికి మేలు చేయునట్లు కట్టబడినదా? కాకున్నచో మన చేతిలోనున్నంత మేరకు దానిని ఎట్లు దిద్దుకొనగలము? ఈ రెండు ప్రశ్నలే ఈ పాఠమునందు విచారింపబడుచున్నవి.

1. ముర్కి గ్రామమున జరిగినది

బీదరు జిల్లా యనగానే మన మనస్సునకు తోచునది బసవకల్యాణము. శరణులు కూడి మాటలాడుకొనిన పుణ్యభూమి యది. ఆ జిల్లాలోనే 2018 జూలై 13వ తేదిన జరిగిన ఒక ఘోరమును మనము మరువరాదు.

ఆ దినమున హైదరాబాదు నుండి కొందరు యువకులు హండికేర ప్రాంతమందలి మిత్రుని యింటికి విచ్చేసిరి. దారిలో బడిపిల్లలు కనబడగా ముచ్చటపడి చాక్లెట్లు పంచిరి. పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతి అంతకు కొన్ని మాసముల నుండి ఫోనులలో వ్యాపించియుండెను. దానిని నమ్మిన గ్రామస్థులు వీరిని అనుమానించి నిలదీసిరి. యువకులు భయపడి కారునెక్కి బయలుదేరిరి. కాని కారుకంటె ముందుగా వారి దృశ్యము వాట్సాప్ గ్రూపు ద్వారమున ముర్కి గ్రామము చేరెను. అచ్చటి జనులు దారికడ్డముగా నిలిచి వారిని పట్టుకొని కొట్టిరి. ఒక యువ ఇంజనీరు ప్రాణము విడిచెను. తక్కినవారును, అడ్డుపోయిన పోలీసులును గాయపడిరి. పిదప అరెస్టైనవారిలో ఆ గ్రూపు నిర్వాహకుడును ఉండెను.

అదే నెల 1వ తేదిన మహారాష్ట్రమందలి ధూలే జిల్లా రాయిన్‌పాడ గ్రామమున భిక్షాటనకు వచ్చిన సంచారజాతివారు ఐదుగురు ఇట్టి వదంతికే బలియైరి. భుజమున జోలె, చేతిలో గంటతో ఊరూర తిరుగు జంగమయ్యను గౌరవించుట మన యిండ్లలో పిల్లలకు నేర్పు మొదటి పాఠములలో నొకటి. అట్టి జంగమయ్య ఎరుగని వీధిలో అడుగుపెట్టినపుడు అచ్చటి ఫోనులలో ఏ మాట తిరుగుచున్నదో ఎవరికి తెలియును? కావున ఇది పరులకు జరిగిన కథగా మనము చదువరాదు.

2. దోషము మనుష్యులదా, అమరికదా?

ముర్కి గ్రామస్థులు క్రూరులు కావున అట్లు జరిగినదని చెప్పి ఊరకుండుట సులభము. కొట్టినవారి పాపము కొట్టినవారిదే. అందు సందేహము లేదు. కాని ఆ మాట వారిని చేరిన విధమును గూడ పరిశీలింపవలెను.

రచ్చబండకడ ఒకడు వచ్చి “దొంగలు వచ్చుచున్నారు” అనినచో నలుగురు “నీవు చూచితివా? ఎవరు చెప్పిరి? ఎప్పుడు?” అని అడుగుదురు. చెప్పినవాని ముఖము కనబడును. అబద్ధమైనచో మరునాడు వాడు అదే బండకడకు రాలేడు. ఫోనులో వచ్చిన మాటకు ఈ నాలుగు రక్షణలును లేవు. మొదట పలికినవాడెవడో తెలియదు. ఒక్క వ్రేలి తాకుడుతో నూరు ఇండ్లకు చేరును గావున ఆలోచించుటకు వ్యవధి లేదు. అడ్డుప్రశ్న వేసినను ఆ ప్రశ్న మూలపురుషుని చేరదు. అబద్ధమని తేలిన పిదప దిద్దుబాటు పాత దారిని వెంబడించి పోదు. అబద్ధము చేరిన యిండ్లన్నింటికి నిజము చేరదు.

ఈ లోపములు మనుష్యస్వభావమున పుట్టినవి కావు. యంత్రపు అమరికలో పుట్టినవి. ఇందుకు నిదర్శనము ఆ సంస్థ తరువాత చేసిన మార్పులలోనే కలదు. 2018 జూలైలో ఫార్వర్డు చేయబడిన సందేశముపై ఆ గుర్తు కనబడునట్లు చేసిరి. మన దేశమున ఒక సందేశమును ఒకేసారి ఐదింటికి మించి పంపరాదని ఆ నెలలోనే ప్రకటించిరి. 2019 జనవరిలో ఆ పరిమితిని ప్రపంచమంతటికి వర్తింపజేసిరి. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే పలుమారులు చేతులు మారిన సందేశమును ఒకసారికి ఒక్కచోటికే పంపవీలగునట్లు నియమించిరి. దాని ఫలితముగా అట్టి సందేశముల సంఖ్య నూటికి 70 వంతులు తగ్గినదని ఆ సంస్థయే ప్రకటించినది.

పాఠకులు దీనిని శ్రద్ధతో గమనింపవలెను. ఆ కొలది దినములలో జనుల మనస్సులు మారలేదు. ఎవరును ఉపన్యాసములు విని పరివర్తన చెందలేదు. దారి కొంచెము ఇరుకు చేయబడినది. అంతమాత్రమున పరుగు తగ్గినది. మంచి మనుష్యులు కూడ చెడ్డ అమరికలో చెడు చేయుదురు. సామాన్యులు మంచి అమరికలో మంచిగా నడచుకొందురు. ఈ పాఠమునకు ఇదియే మూలసూత్రము. ఇక మంచి అమరికకు కావలసిన అంగములను ఒక్కొక్కటిగా విచారింతము.

3. మొదటి అంగము: మాటకు అంకితము

క్రీ.శ. 12వ శతాబ్దమున కల్యాణమునందు వెలసిన అనుభవమంటపమును గూర్చి మన సంప్రదాయము చెప్పు విషయములు పాఠకులకు పరిచితములే. వానిని భక్తితో స్మరించుటతో పాటు, ఆ సభ యెట్లు అమర్పబడినదని చూచుట ఇచ్చట ఉపయోగకరము.

బట్టలుతుకు మాచయ్య, పడవ నడపు చౌడయ్య, త్రాళ్లు పేను చందయ్య అందు కూర్చుండిరి. కులము, ధనము, స్త్రీపురుషభేదము చూచి ఎవరిని త్రోసివేయలేదు. కాని ద్వారము తెరచియుండుట యనగా ప్రశ్న లేకుండుట కాదు. అక్కమహాదేవి సభకు వచ్చినపుడు అల్లమప్రభువు ఆమెను కఠినముగా ప్రశ్నించెననియు, ఆమె నిబ్బరముగా సమాధానములిచ్చి సభామన్ననలందెననియు శూన్యసంపాదనము తెలుపుచున్నది. అచ్చట ప్రశ్న అవమానము కాదు. మాటకు విలువ కట్టు త్రాసు.

అంతకంటె ముఖ్యమైనది అంకితము. శరణుల వచనమునందు వారి ముద్ర యుండును. కూడలసంగమదేవ యని యున్నచో బసవేశ్వరునిది. గుహేశ్వర యని యున్నచో అల్లమప్రభువుది. చెన్నమల్లికార్జున యని యున్నచో అక్కది. ఎన్ని నోళ్లు మారినను, ఎన్ని తాళపత్రముల కెక్కినను ఆ మాట ఎవరిదో, ఆ మాటకు ఎవరు నిలబడుదురో తెలియును. నేటి ఫార్వర్డు సందేశము అంకితము లేని మాట. కావున మన గ్రూపులలో మొదటి నియమము ఇట్లుండవలెను: వార్తను పంపువాడు అది ఎవరు చెప్పగా తనకు తెలిసినదో, ఏ తేదినాటిదో ఒక్క వాక్యమున చేర్చవలెను. చేర్చలేనిచో పంపరాదు.

ఇందు ఒక జాగ్రత్త అవసరము. పేరు చెప్పుటకు భయపడు బలహీనులు కొందరుందురు. అత్తవారింట బాధపడు కోడలు, పనిచేయుచోట ప్రమాదమును గుర్తించిన కూలివాడు అట్టివారు. వారు పదిమంది యెదుట పేరు చెప్పలేరు. అట్టివారి మాటను గ్రూపులోని నమ్మదగిన పెద్దలలో ఒకరు రహస్యముగా విని, విచారించి, తమ పేరుపై ముందునకు తేవలెను. అప్పుడు మాటకు అంకితము ఉండును. బలహీనునికి రక్షణయు ఉండును.

4. రెండవ అంగము: అవసరమునకు మించి తీసికొనకుండుట

ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపు గింజలను ఏరితెచ్చి దాసోహము నడపెడివాడు. ఒకనాడు మామూలు కంటె ఎక్కువ బియ్యము తేగా, భార్య లక్కమ్మ ఒప్పుకొనక, అవసరమునకు మించినది మనది కాదని చెప్పి తిరిగి పంపినదని కథ. ఈ కథను మనము ధనమునకు అన్వయించి చెప్పుకొందుము. నేటికాలమున దానిని మనుష్యుని ధ్యాసకు, కాలమునకు గూడ అన్వయింపవలెను.

ఉచితముగా లభించునట్లు కనబడు సామాజిక మాధ్యమములలో పెక్కు ప్రకటనల వలన ఆదాయము పొందుచున్నవి. మనము ఎంత ఎక్కువ సేపు చూచిన వారికి అంత ఎక్కువ ఆదాయము. కావున మనకు కావలసినది చూపి పంపివేయుట కాక, మనలను కదలకుండ కూర్చుండబెట్టుట వారి అమరికకు లక్ష్యమగుచున్నది. పుటకు చివర యనునది లేకుండ వ్రేలితో నెట్టినకొలది క్రొత్త విషయము వచ్చు పద్ధతిని 2006 ప్రాంతమున రూపొందించిన ఏజా రాస్కిన్, తన పని వలన జనుల కాలము వ్యర్థమగుచున్నదని తరువాత బహిరంగముగా పశ్చాత్తాపపడెను.

ఫేస్‌బుక్ విషయము మరింత బోధకరము. 2017లో ఆ సంస్థ ఒక లెక్క పెట్టెను. చదువరి మామూలుగా “లైకు” నొక్కిన ఒక పాలు; కోపము, ఆశ్చర్యము, నవ్వు మున్నగు ముఖచిహ్నము నొక్కిన ఐదు పాళ్లు. ఎక్కువ పాళ్లు వచ్చిన విషయమును ఎక్కువ మందికి చూపుదురు. అనగా పదిమందికి కోపము తెప్పించు మాటకు, పదిమందికి మేలు చేయు మాటకంటె వేగముగా రెక్కలు వచ్చును. ఇది తగదని సంస్థలోని వారే హెచ్చరించిరి. 2020లో కోపపు చిహ్నమునకు విలువ సున్న చేసిరి. ఈ సంగతులు 2021లో ఆ సంస్థ లోపలి పత్రములు వెలికి వచ్చినపుడు లోకమునకు తెలిసినవి.

ఏది కొలుతుమో అదియే పెరుగును. గ్రూపు బాగుగా నడచుచున్నదా యని తెలిసికొనుటకు దినమునకు ఎన్ని సందేశములు వచ్చినవని లెక్కింపరాదు. ఎవరి కష్టము తీరినది, ఎవరి ప్రశ్నకు సమాధానము దొరికినది, ఎవరు అలసి గ్రూపు విడిచిపోయిరి అని లెక్కింపవలెను. ఉదయముననే నూరు శుభోదయ చిత్రములు వచ్చి పడిన గ్రూపులో, ఆస్పత్రికి తోడు రమ్మని అడిగిన వాని మాట అడుగున పడిపోవును. అది లక్కమ్మ తిప్పి పంపిన బియ్యమువంటిది. రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రించు కార్మికుని ఫోను ప్రతి నిమిషము మ్రోగించుట కూడ ఒక విధమైన హింసయే.

5. మూడవ అంగము: దిద్దుబాటుకు దారి

రక్తము కావలెనను సందేశములు మీలో పెక్కురు చూచియుందురు. ఫలాన ఆస్పత్రిలో ఫలాన వర్గము రక్తము అత్యవసరమని వ్రాసి క్రింద ఫోను నంబరు ఇచ్చెదరు. తేది యుండదు. రోగి కోలుకొని యింటికి చేరిన పిదప కూడ, లేక కన్నుమూసిన పిదప కూడ, నెలల తరబడి ఆ సందేశము తిరుగుచునే యుండును. దుఃఖములో నున్న యింటికి ఎవరెవరో ఫోను చేయుచునే యుందురు. పంపిన వారందరు దయగలవారే. కాని ఆ సందేశమునకు “పని తీరినది” అని చెప్పి ఆపు దారి లేదు.

దీనికి భిన్నమైన అమరిక మన తెలుగులోనే కలదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా నేడు లక్షకు పైబడిన వ్యాసములతో ఎవరైన చదువుటకు, ఎవరైన దిద్దుటకు వీలుగా నున్నది. ఎవరైన దిద్దవచ్చుననినచో అల్లరివారు పాడుచేయరా యని సందేహము కలుగును. పాడుచేయుదురు. కాని అచ్చట ప్రతి పుటకును ఒక చరిత్ర యుండును. ఎవరు, ఏ తేదిన, ఏ గంటకు, ఏ మాట మార్చిరో అందు నమోదగును. పాడుచేసినదానిని పూర్వస్థితికి తెచ్చుట పాడుచేయుట కంటె సులభము. ప్రతి వ్యాసమునకు ప్రక్కన ఒక చర్చాపుట యుండును. భేదాభిప్రాయము కలవారు అచ్చట వాదించి పిదప వ్యాసమును దిద్దుదురు. అందరికి సంబంధించిన విషయములను చర్చించు పుటకు వారు పెట్టుకొనిన పేరు “రచ్చబండ”. ప్రకటనలు లేవు. వ్రాయువారు స్వచ్ఛందముగా వ్రాయుదురు. నిర్వాహకులను తోడివారే ఎన్నుకొందురు.

అచ్చట తగవులు లేవని కాదు. తగవు పడుటకు తగిన చోటు, తగవు తీరుటకు తగిన దారి కలవు. మన గ్రూపులలో ఆ యంత్రము లేకున్నను ఆచారముగా నైనను దానిని తెచ్చుకొనవచ్చును. తప్పు సందేశము పంపినవాడు దానిని మౌనముగా తుడిచివేయరాదు. “నేను నిన్న పంపిన వార్త నిజము కాదు, ఎవరికైన పంపియున్నచో వారికి తెలుపుడు” అని వ్రాయవలెను. అట్లు వ్రాసినవానిని ఎగతాళి చేయరాదు, అభినందింపవలెను. తప్పు ఒప్పుకొనిన వానికి గౌరవము దొరకని చోట ఎవడును తప్పు దిద్దుకొనడు.

6. నాలుగవ అంగము: కావలివాడు

ఫోనులోని గ్రూపునకు నిర్వాహకుడుండును. వాని స్థానమెట్టిది? దొరవంటిదా, సేవకునివంటిదా? దీనికి మన రైతుల అనుభవము సమాధానమిచ్చును. కర్నూలు జిల్లాలో కాలువ క్రింది గ్రామములను పరిశోధించి రాబర్టు వేడ్ అను పండితుడు 1988లో ఒక గ్రంథమును ప్రచురించెను. కాలువ చివరనున్న గ్రామములకు నీరు తక్కువ, తగవులు ఎక్కువ. అట్టి ఊళ్లలో రైతులు కూడి ఉమ్మడి నిధి పెట్టుకొని నీరుగట్టిని నియమించుకొనిరి. ఎవరి పొలమునకు ఎంత నీరు పారవలెనో వాడు చూచును. వానికి జీతమిచ్చువారు ఊరివారు; వాడు జవాబు చెప్పవలసినది ఊరివారికే. కాలువ మొదటనున్న ఊళ్లలో ఇట్టి కట్టుబాట్లు అంతగా కనబడలేదు. కష్టము ఉమ్మడియైన చోట కట్టుబాటు పుట్టినది.

ఉమ్మడి వనరులను గూర్చిన ఇట్టి అనుభవములను లోకమంతట పరిశీలించి ఎలినోర్ ఆస్ట్రమ్ అను అమెరికా పండితురాలు 1990లో కొన్ని సూత్రములను ప్రతిపాదించెను. 2009లో ఆమెకు అర్థశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది. ఆ సూత్రములలో మనకు ముఖ్యమైనవి నాలుగు. నియమములకు లోబడువారికి వానిని మార్చు హక్కు ఉండవలెను. కావలివాడు జనులకు జవాబుదారిగా నుండవలెను. శిక్ష మొదట స్వల్పముగా నుండి, తప్పు మరల జరిగినకొలది పెరుగవలెను. తగవు తీర్చుకొను చోటు దగ్గరగా, ఖర్చు లేకుండ ఉండవలెను.

గ్రూపులోని పరస్పర విశ్వాసము కాలువనీటి వంటిది. ఒకడు గట్టు తెగగొట్టిన చివరివాని పొలము ఎండును. కావున నిర్వాహకుడు నీరుగట్టివలె నుండవలెను. మొదటి తప్పునకు చాటున మెత్తని మాట; రెండవ తప్పునకు అందరి యెదుట హెచ్చరిక; పిదప కొన్ని దినముల విరామము; ఎన్నటికిని మారనిచో వెలుపలికి పంపుట. ఈ క్రమము తప్పి, తనకు నచ్చని మాట పలికిన వానిని తత్‌క్షణమే తొలగించు నిర్వాహకుడు కావలివాడు కాడు. సభ్యులు పంపిన మాటకు నిర్వాహకుడైన కారణమాత్రముచే వాడు నేరస్థుడు కాడని బొంబాయి ఉన్నత న్యాయస్థానము 2021లోను, కేరళ ఉన్నత న్యాయస్థానము 2022లోను తీర్పు చెప్పినవి. చట్టము విడిచినంత మాత్రమున ధర్మము విడువదు. సభ్యుడు పంపిన సందేశమును అందరి ఫోనులనుండి తొలగించు అధికారము 2022 నుండి నిర్వాహకునికి కలదు. ప్రాణహాని కలిగించు మాట విషయమున దానిని ఉపయోగించుట వాని విధి.

7. ఐదవ అంగము: ముఖాముఖి పరిచయము

2018 వేసవిలో పార్థీ ముఠాలను గూర్చి, పిల్లల దొంగలను గూర్చి వదంతులు తెలుగునాట కూడ ప్రబలెను. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటుగా నుండిన రెమా రాజేశ్వరి అవలంబించిన పద్ధతి గమనింపదగినది. ఆమె ఒక్కొక్క గ్రామమునకు ఒక్కొక్క పోలీసును అప్పగించిరి. వారు గ్రామమునకు పోయి యింటింటివారితో పరిచయము చేసికొనిరి. ఊరి వాట్సాప్ గ్రూపులలో చేరిరి. అనుమానము కలిగిన ఎవరిని అడుగవలెనో చెప్పిరి. డప్పు కొట్టి పాటలు పాడువారి చేత వదంతుల వలని కీడును చాటించిరి. ఆమె పరిధిలోని దాదాపు 400 గ్రామములలో వదంతి వలన ఒక్క ప్రాణమును పోలేదు.

ఇచ్చట యంత్రము మారలేదు. యంత్రమునకు ప్రక్కన ఒక ముఖము చేర్చబడినది. ఫోనులో వచ్చిన మాట నిజమా యని అడుగుటకు తెలిసిన మనుష్యుడొకడున్నచో సగము కీడు తొలగును. చదువురాని ముదుసలికి డప్పుపాట చేరినట్లు అచ్చులోని ప్రకటన చేరదు.

8. మల్కాపురమున మనకు కర్తవ్యము

ఈ విచారమంతయు మనకు ప్రాణావసరమనుటకు కారణము మన నివాసమే. 1997 సెప్టెంబరు 14వ తేది ఉదయమున మన ప్రక్కనున్న హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధికర్మాగారమున వాయువు ప్రేలి దాదాపు 60 మంది మరణించిరి. వేలాది జనులు ఇండ్లు విడిచిపోయిరి. ఆనాటి పెద్దలు నేటికిని మనలో కలరు. 2014 అక్టోబరు 12వ తేదిన హుద్‌హుద్ తుపాను తాకినపుడు విద్యుత్తుతో పాటు ఫోనులును మూగవోయినవి. 2020 మే 7వ తేది వేకువజామున నగరమునకు పడమటనున్న వెంకటాపురమువద్ద ఎల్‌.జి. పాలిమర్స్ కర్మాగారము నుండి స్టైరీన్ వాయువు వెలువడి 12 మంది మరణించిరి. మరల వాయువు వెడలుచున్నదను వార్త ఆ రాత్రి వ్యాపింపగా ఎందరో పిల్లలతో, వృద్ధులతో వీధులకెక్కిరి. ఇట్టి వేళ నిజమైన హెచ్చరిక ఆలస్యమైనను ప్రమాదమే. అబద్ధపు హెచ్చరిక తొందరపడినను ప్రమాదమే. కావున నియమములు ఆపద వచ్చిననాడు కాదు, ముందే ఏర్పరచుకొనవలెను. అందుకు కొన్ని సూచనలు.

మొదటిది. ప్రకటనలకు ఒక గ్రూపు, మాటామంతికి మరియొకటి వేరుగా నుంచవలెను. మొదటిదానిలో నిర్వాహకులు మాత్రమే వ్రాయునట్లు అమర్చుకొనవచ్చును. అందలి మ్రోత వినబడినచో అది నిజముగా ముఖ్యమైనదని రాత్రి షిఫ్టువాడు గ్రహించును.

రెండవది. ఆపద సమయమున వార్త పంపుటకు ముగ్గురిని ముందే ఎన్నుకొనవలెను. వేర్వేరు షిఫ్టులవారైనచో ఎల్లవేళల ఒకరు మేలుకొనియుందురు. ముగ్గురిలో ఒకరైన స్త్రీ యుండవలెను. వారు అధికారుల ప్రకటనను చూచి, లేక 112 నంబరునకు ఫోను చేసి విచారించి, తేదీ, గంట వేసి తెలుపవలెను. తక్కినవారు తాము కన్నులార చూచినదే వ్రాయవలెను.

మూడవది. ఎవరిని వారి యనుమతి లేక చేర్చరాదు. విడిచిపోయిన వారిని నిందింపరాదు. ఒకరి వ్యాధి, ఒకరి యప్పు, ఒకరి యింటి తగవు, ఆడపిల్లల ఛాయాచిత్రములు యజమానుల అనుమతి లేక బయటికి పోరాదు.

నాలుగవది. ఏడాదికొకసారి, బసవజయంతినాడైన సరే, అందరు ముఖాముఖి కూడి నియమములను మరల చదివి, అవసరమైనచో మార్చుకొనవలెను. నిర్వాహకులను అప్పుడే మార్చవలెను. పదవి ఒకరియొద్దనే నిలిచిపోరాదు.

ఐదవది. ఫోను లేనివారి, ఫోను పనిచేయని దినముల సంగతి మరువరాదు. వీధికొక యింటివారు బాధ్యత వహించి, తమ వీధిలోని వృద్ధుల, గర్భిణుల, రోగుల పేర్లు కాగితముపై వ్రాసి ఉంచుకొనవలెను. హుద్‌హుద్ నాడు పనికివచ్చునది ఆ కాగితమే.

నియమములు ఎక్కువైనచో మనసు విప్పి మాటలాడువారు తగ్గుదురని కొందరు ఆక్షేపింతురు. ఆ భయము నిజమైనదే. కాని నియమము లేని చోట మాటలాడువారు ఎవరో గమనింపుడు. పదేపదే గట్టిగా పలుకు నలుగురే. కోడళ్లు, విద్యార్థులు, క్రొత్తగా ఊరికి వచ్చినవారు మౌనముగా నుందురు. వారి నోరు తెరపించు నియమము మంచిది. వారి నోరు మూయించు నియమము చెడ్డది. ఏ నియమమునైన ఈ కొలబద్దతో పరీక్షింపవలెను.

యంత్రమును కట్టు సంస్థలను మార్చుట మన ఒక్కరివల్ల కాకపోవచ్చును. కాని 2018 తరువాత అవి మారినవనగా, జనులు, ప్రభుత్వములు అడిగినందుననే మారినవి. అడుగుట మానరాదు. ఆలోపల మన యరుగును మనము ఊడ్చుకొనుట మన చేతిలోని పని.

9. మననము చేయదగిన ప్రశ్నలు

కుటుంబమున పెద్దలు, పిల్లలు కలిసి కూర్చుండి ఈ ప్రశ్నలకు సమాధానములు వెదకవలెనని ప్రార్థన.

అ) గడచిన వారమున మీరు ఇతరులకు పంపిన సందేశములలో ఎన్నింటికి మూలము మీకు తెలియును?

ఆ) మీరున్న గ్రూపులో ఒక్కసారియైన మాటలాడనివారు ఎవరు? వారెందుకు మాటలాడలేదో ఎప్పుడైన అడిగితిరా?

ఇ) మీరు పంపిన వార్త తప్పని తేలినపుడు ఏమి చేసితిరి?

ఈ) మీ వీధికి క్రొత్తగా వచ్చిన మనిషిని గూర్చి అనుమానపు సందేశము వచ్చినచో మొదట ఎవరికి ఫోను చేయుదురు? ఆ నంబరు ఇప్పుడు మీయొద్ద నున్నదా?

ఉ) నేటి రాత్రి ఫోనులు పనిచేయకున్నచో మీ వీధిలోని ముదుసలిని ఎవరు పలుకరింతురు?

చివరి రెండు ప్రశ్నలకు సమాధానము లేని యిల్లు, ఈ పుటను మూయుటకు ముందే ఆ నంబరును, ఆ పేరును గోడపై వ్రాసికొనవలెను.